6–0, 6–0 వెనక 55–24: వింబుల్డన్ 2025 మహిళల ఫైనల్ లెక్కలు

గన్నవరం లెక్కలు
2025 జులై 12న ఇగా స్వియాటెక్ అమందా అనిసిమోవాను 57 నిమిషాల్లో 6–0, 6–0తో ఓడించింది. మనకది రాత్రి ఎనిమిదిన్నర మ్యాచ్. కోనసీమలో చాలా ఇళ్లలో కంచాలు ఎత్తకముందే అయిపోయింది. స్కోరు గురించి అందరూ రాసేశారు కాబట్టి ఈ చర్చలో పాయింట్ల సంగతి చూద్దాం.

మొత్తం 79 పాయింట్లు. స్వియాటెక్‌వి 55, అనిసిమోవావి 24. గేముల్లో వాటా నూటికి నూరు, పాయింట్లలో 69.6 శాతం. ఈ తేడాలో ఎంత భాగం ఆటది, ఎంత భాగం టెన్నిస్ స్కోరింగ్ పద్ధతిది?

ఒక్కో పాయింటు గెలిచే అవకాశం గ, ఓడేది ఓ (అంటే 1 − గ) అనుకుంటే, గేమ్ గెలిచే అవకాశం:

గ⁴ × (1 + 4ఓ + 10ఓ²) + 20గ³ఓ³ × గ² ÷ (1 − 2గఓ)

మొదటి భాగం లవ్, 15, 30 దగ్గర ముగిసే గేములది. రెండోది 40–40కి చేరి అక్కడి నుంచి రెండు పాయింట్ల ఆధిక్యంతో ముగిసేది. అదే అంకెను పన్నెండుసార్లు వేసి ఒకదానితో ఒకటి హెచ్చిస్తే 12–0 వచ్చే అవకాశం:

పాయింటు 50% → గేమ్ 50% → 12–0 కి 0.02%
55% → 62.3% → 0.34%
60% → 73.6% → 2.5%
65% → 83.0% → 10.6%
70% → 90.1% → 28.5%

మన 69.6 శాతానికి గేమ్ 89.6, 12–0 కి సుమారు 27 శాతం. పాయింట్లలో ఉన్న కొద్దిపాటి వాలు కాలువ మీద లాకుల్లాగా గేము దగ్గర ఒక మెట్టు, సెట్టు దగ్గర ఇంకో మెట్టు పెరుగుతుంది.

యానాం ఏస్
లెక్క బానే ఉందండి గానీ ఒకటి మింగుడు పడట్లేదు. 27 శాతమంటే నాలుగింట ఒకటి. వింబుల్డన్ ఫైనల్లో ఇంతకు ముందు 6–0, 6–0 వచ్చింది 1911లో. నాలుగింట ఒకటి అయ్యే పనికి 114 ఏళ్లు పట్టిందంటారా?

ముక్కామల మేడం
యానాం గారూ, అక్కడే జారతారు అందరూ. ఆ 27 శాతం "ఫైనల్లో ఇలా జరిగే అవకాశం" కాదు. "ఒకామె ప్రతి పాయింటునీ 69.6 శాతం అవకాశంతో ఆడితే" అన్న షరతు మీద వచ్చిన అంకె. ఫైనల్ దాకా వచ్చిన ఇద్దరి మధ్య అంత తేడా ఉండటమే అరుదు. 55 దగ్గర ఆడే మామూలు ఫైనల్లో 12–0 అవకాశం సుమారు మూడు వందల్లో ఒకటే, పై పట్టికలోనే ఉంది చూడండి.

పైగా 69.6ని మనం మ్యాచ్ అయ్యాక అదే మ్యాచ్ నుంచి తీసుకున్నాం. 79 పాయింట్లు చిన్న నమూనా. విల్సన్ పద్ధతిలో 95 శాతం హద్దులు వేస్తే అసలు అవకాశం 58.8 నుంచి 78.7 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. ఆ రెండు కొసల్లో 12–0 అవకాశం సుమారు 2 శాతం నుంచి 71 శాతం దాకా ఊగుతుంది. కాబట్టి 27 అన్న అంకెను దశాంశాల దాకా నమ్మి వాదించడం దండగ.

ఇంకో మెలిక. టెన్నిస్ గేమ్ ఎప్పుడూ గెలిచినవాళ్ల పాయింటుతోనే ఆగుతుంది. ఆగే చోటు ముందే గెలిచినవాళ్ల వైపు ఉన్నప్పుడు మామూలు వాటా కాస్త ఎక్కువ చూపిస్తుంది. 12 గేముల్లోనూ ఆఖరి పాయింటు తీసేసి చూడండి: 67లో 43, అంటే 64.2 శాతం. ఇది కచ్చితమైన దిద్దుబాటు కాదు, ఎటువైపు దిద్దాలో చెబుతుంది, అంతే. ఆ 64.2తో గేమ్ 81.6 శాతం, 12–0 కి 8.7 శాతం. నన్నడిగితే నిజం 27 కంటే దీనికి దగ్గర.

తణుకు తాతగారు
1911 మాట వచ్చింది కాబట్టి. అప్పుడు డొరోతియా లాంబర్ట్ చాంబర్స్ డోరా బూత్‌బీని ఓడించింది ఛాలెంజ్ రౌండులో. ముందటేడు గెలిచినవాళ్లు ఆ ఒక్క మ్యాచే ఆడేవాళ్లు, మిగతావాళ్లు వరసగా గెలుచుకుంటూ వచ్చి ఎదుర్కోవాలి. ఆ పద్ధతి 1922లో ఎత్తేశారు. అందుచేత 1911నీ 2025నీ ఒకే గాటన కట్టకూడదు బాబూ.

గ్రాండ్‌స్లామ్ ఫైనల్ అనుకుంటే 1988 పారిస్ ఉంది. స్టెఫీ గ్రాఫ్ జ్వెరెవాను 6–0, 6–0 కొట్టింది. అది మట్టి కోర్టు. జ్వెరెవాకు వచ్చినవి 13 పాయింట్లే. అనిసిమోవాకు 24. స్కోరుబోర్డు మీద రెండూ ఒకటే, లోపల చాలా తేడా.

పచ్చిక మీద ఏకపక్షంగా సాగినవి ఇంకా ఉన్నాయి. 1983లో నవ్రతిలోవా ఆండ్రియా జేగర్ మీద 6–0, 6–3, 54 నిమిషాలు. 2014లో క్విటోవా బౌచర్డ్ మీద 6–3, 6–0, 55 నిమిషాలు. రెండూ పదిహేనేసి గేములు. 2025ది పన్నెండు గేములే అయినా 57 నిమిషాలు పట్టింది. ఇది ఎవరన్నా గమనించారా?

పాలకొల్లు పెన్సిల్
తాతగారూ, దానికి జవాబు 55 అన్న అంకెలోనే ఉందండి, పాయింటు పాయింటు పట్టిక అక్కర్లేదు.

డ్యూస్ (40–40 దగ్గర గానీ ఆ తర్వాత గానీ స్కోరు సమం కావడం) లేని గేమ్ గెలిచినవాళ్లకి సరిగ్గా 4 పాయింట్లు వస్తాయి. ఒక డ్యూస్ పడితే 5, రెండు పడితే 6. అంటే గెలిచినవాళ్ల పాయింట్లు = 4 + డ్యూసుల సంఖ్య. పన్నెండూ ఒకరే గెలిస్తే 48 + మొత్తం డ్యూసులు. 55 − 48 = 7. కాబట్టి ఆ ఫైనల్లో 7 సార్లు డ్యూస్ పడింది. ఎన్ని గేముల్లో పడిందో మాత్రం మొత్తాల నుంచి తేలదు, ఒక్క గేములో ఏడూ పడ్డా ఏడు గేముల్లో తలా ఒకటి పడ్డా లెక్క సరిపోతుంది.

ఇప్పుడు దీన్ని గన్నవరం గారి సూత్రంతో పోల్చండి. 69.6 శాతంతో ఆడితే 12 గేముల్లో సగటున 3.9 డ్యూసులు రావాలి, మొత్తం పాయింట్లు 70 దగ్గర ఉండాలి. నిజంగా వచ్చినవి 7, 79. మేడం గారి 64.2తో వేస్తే డ్యూసులు 5.4. ఏడుకి అదే దగ్గర. ఏడుసార్లు అనిసిమోవా కొస దాకా వచ్చి ఆగిపోయిందన్న మాట. 1988తో తేడా అదే.

యానాం ఏస్
ఆయ్, ఇది బావుంది. ఒక్క 55 నుంచి ఇంత లాగొచ్చని తెలీదు.

భీమవరం బ్యాక్‌హ్యాండ్
అంకెలు సరే, ఆ పాయింట్లు ఎలా వచ్చాయో కూడా చూడాలి. స్వియాటెక్ విన్నర్లు (అవతలామె అందుకోలేని దెబ్బలు) 10. అనిసిమోవా అనవసర తప్పిదాలు 28, డబుల్ ఫాల్టులు (రెండు సర్వీసులూ తప్పి పోయిన పాయింట్లు) 5. అంటే 55లో 28, సగం పైన, అవతలామె చేతి నుంచి వచ్చినవే. ఛాంపియన్ ప్రతి ఐదున్నర పాయింట్లకి ఒక్క విన్నర్ కొడితే చాలింది.

ఇక్కడ ఒక జాగ్రత్త. గణాంకాల పట్టిక చూసేముందు డబుల్ ఫాల్టులు అనవసర తప్పిదాల్లో కలిపారా, విడిగా పెట్టారా అన్నది తేల్చుకోవాలి. కలిపి ఉంటే 55 − 10 − 28 = 17, ఈ 17 స్వియాటెక్ ఒత్తిడితో రాబట్టిన తప్పులు. విడిగా ఉంటే అవి 12కి పడిపోతాయి. అదే మ్యాచ్‌కి ఇద్దరు రెండు కథలు చెప్పడానికి ఈ అయిదు పాయింట్లు చాలు. ఏస్‌లని (అవతలివాళ్లు తాకలేని సర్వీసులు) విన్నర్లలో కలపడం దగ్గరా ఇదే పేచీ.

పచ్చిక మీద తొలి సర్వీస్ పడకపోతే శిక్ష ఎక్కువ. బంతి తక్కువ ఎత్తులో జారుతూ వస్తుంది, రెండో సర్వీస్ నెమ్మదిగా ఉంటే రిటర్న్ చేసేవాళ్లు గీత లోపలికి అడుగేసి కొట్టేస్తారు. సర్వ్ చేసినామెకి కాళ్లు సర్దుకునే వ్యవధి ఉండదు. అలా ఆలస్యమై కొట్టిన బంతి నెట్‌కి తగిలితే పట్టికలో "అనవసర తప్పిదం" అని పడుతుంది, నిజానికి దానికి కారణం ముందు దెబ్బ. 28ని మొత్తం భయం ఖాతాలో వేసేయడం నాకు నచ్చదు. అనిసిమోవా సెమీస్‌లో సబలెంకాతో 6–4, 4–6, 6–4, 2 గంటల 36 నిమిషాలు ఆడి వచ్చింది. స్వియాటెక్ అదే రోజు బెంచిచ్‌ని 6–2, 6–0తో పంపించేసింది. అలసట ఎంత పని చేసిందో అంకెల్లో విడదీయలేం గానీ, లేదని అనలేం.

వింబుల్డన్ పచ్చిక అంటే ఇంకా పాత రోజుల సర్వ్-అండ్-వాలీ (సర్వ్ చేసి నెట్ దగ్గరికి ఉరికే ఆట) అనుకునేవాళ్ల కోసం: 2001 నుంచి అక్కడ పూర్తిగా పెరెన్నియల్ రై గడ్డే, ఎత్తు 8 మిల్లీమీటర్లు. అంతకు ముందు రెడ్ ఫెస్క్యూ కూడా కలిసేది. ఇప్పుడు నేల గట్టిగా ఉంటుంది, బంతి అప్పటికంటే లేస్తుంది. బేస్‌లైన్ నుంచి ఆడే స్వియాటెక్‌కి అది కలిసొచ్చే సంగతే.

గన్నవరం లెక్కలు
భీమవరం గారి 28 మీద చిన్న ప్రయోగం. ఆ తప్పుల్లో సగం, 14, జరగలేదనుకుందాం. జరగకపోతే ఆ 14 పాయింట్లూ అనిసిమోవావి అయిపోవు, ర్యాలీ కొనసాగుతుంది. చెరి సగం పంచితే స్కోరు 48–31, స్వియాటెక్ వాటా 60.8 శాతం. ఆ వాటాకి గేమ్ 75 శాతం, 12–0 కి 3.3 శాతం. పన్నెండు గేముల్లో సగటున మూడు అనిసిమోవాకి వస్తాయి. ఏ 6–2, 6–1 లాగానో ఉండేది. అప్పుడు దీన్ని ఎవరూ చరిత్ర అనేవారు కాదు. ఏడు పాయింట్లు చేతులు మారితే అంత తేడా.

యానాం ఏస్
అలాగైతే పాయింట్ల వాటా ఎక్కువున్నవాళ్లే గెలుస్తారన్న హామీ కూడా లేదు కదా. 2019 పురుషుల ఫైనల్, అదే కోర్టు. ఫెదరర్ 218, జొకోవిచ్ 204. కప్పు జొకోవిచ్‌ది. మూడు టైబ్రేకులూ అతనే పట్టుకుపోయాడు.

ముక్కామల మేడం
అవును, 218–204 అంటే 51.7 శాతం. 50 దగ్గర స్కోరింగ్ పద్ధతి ఎవరి వైపైనా తిరుగుతుంది, పాయింట్లు ఎక్కడ పడ్డాయన్నదే ముఖ్యం. 70 దగ్గర ఆ ఆటలు సాగవు, ఎలా పేర్చినా ఒకరే గెలుస్తారు. ఈ రెండు మ్యాచ్‌లనీ పక్కపక్కన పెట్టి తరగతిలో చెబితే పిల్లలకి సూత్రం కంటే బాగా ఎక్కుతుంది.

కోటిపల్లి రేవు
మొదటి సూత్రంలో ఇంకో లోపం ఉందండి. సర్వీస్‌లోనూ రిటర్న్‌లోనూ ఒకే అవకాశం పెట్టారు. టెన్నిస్‌లో అలా ఉండదు. ఉదాహరణకి స్వియాటెక్ సొంత సర్వీస్‌లో 75, రిటర్న్‌లో 64 అనుకుందాం, సగటు దాదాపు అదే. సర్వీస్ గేమ్ 94.9 శాతం, బ్రేక్ (అవతలామె సర్వీస్ గేమ్ గెలవడం) 81.3 శాతం. ఆరేసి గేములు కాబట్టి 0.949⁶ × 0.813⁶, వచ్చేది 21 శాతం. సగటు మారకుండానే 27 నుంచి 21కి దిగింది. రెండింటికీ మధ్య దూరం పెరిగే కొద్దీ ఇంకా దిగుతుంది. 12–0 కష్టమంతా ఆ ఆరు బ్రేకుల్లోనే ఉంటుంది.

ప్రతి పాయింటూ ముందుదానితో సంబంధం లేకుండా పడుతుందన్న ఊహ సంగతి కూడా. వింబుల్డన్ 1992–95 మ్యాచ్‌ల మీద క్లాసెన్, మాగ్నస్ అనే ఇద్దరు దీన్ని పరీక్షించారు. పాయింట్లు పూర్తిగా స్వతంత్రం కావని తేలింది, కానీ తేడా చిన్నది, లెక్కలకి ఈ ఊహ పనికొస్తుంది. ఇలాంటి ఒక్క ఫైనల్లో మాత్రం 0–4 దగ్గర సర్వ్ చేసే మనిషి 0–0 దగ్గర ఉన్న మనిషి కాదన్నది నా అభిప్రాయం.

కంప్యూటర్‌లో అనుకరించి చూడాలనుకుంటే: స్ప్రెడ్‌షీట్‌లో యాదృచ్ఛిక సంఖ్య 0.75 కంటే తక్కువైతే పాయింటు స్వియాటెక్‌ది, తర్వాతి గేములో హద్దు 0.64, అలా మార్చుకుంటూ 12 గేములు. 1,000 సార్లు తిప్పితే జవాబు రెండున్నర శాతం అటూ ఇటూ ఊగుతుంది, 10,000 తిప్పితే ఒక శాతం లోపు. అందరూ తప్పేది ఒకటే చోట: "ముందుగా 4 పాయింట్లు" అని రాసి ఊరుకుంటారు. "కనీసం 4, తేడా కనీసం 2" అని రాయాలి. ఒకే 69.6 పెట్టి తిప్పినప్పుడు 27 బదులు 18 దగ్గర వస్తుంటే ఆ రెండో షరతు పడలేదన్నమాట.

తణుకు తాతగారు
ఇన్ని లెక్కలూ చూసి అనిసిమోవా పని అయిపోయిందనుకోకండి. టూర్ స్థాయిలో వీళ్లిద్దరూ తలపడటం ఆ ఫైనల్లోనే మొదలు. రెండు నెలలు తిరక్కుండా, సెప్టెంబర్ 3న యూఎస్ ఓపెన్ క్వార్టర్స్‌లో స్వియాటెక్‌ని 6–4, 6–3తో ఓడించి, ఆ టోర్నీ ఫైనల్ దాకా వెళ్లింది.

ముక్కామల మేడం
దానికి "ప్రతీకారం" అని శీర్షికలు పెట్టారు గానీ, గణాంకాల్లో చూస్తే ఆశ్చర్యం లేదు. ఒక్క 79 పాయింట్ల నమూనా చివరి అంచున పడితే, తర్వాతి నమూనా మధ్యకి జరగడం మామూలు. కోర్టు కూడా మారింది, అది హార్డ్ కోర్టు.

కోటిపల్లి రేవు
పాలకొల్లు గారూ, కాకినాడ, భీమవరం వైపు జరిగే పోటీల్లో ఇలా రాసుకోవాలంటే పుస్తకం ఎలా గీయాలి? పట్టిక ఇచ్చేవాళ్లుండరు కదా.

పాలకొల్లు పెన్సిల్
పొడుగు నోటుబుక్కు, పాయింటుకో గీత. గడులు ఆరు చాలండి: పాయింటుకి ముందు స్కోరు, సర్వ్ ఎవరిది, మొదటి సర్వీసా రెండోదా, ర్యాలీలో దెబ్బలెన్ని, ఎలా ముగిసింది, ఎవరికి వచ్చింది. ముగింపుకి ఒక్కో అక్షరం: ఏస్‌కి "ఏ", డబుల్ ఫాల్ట్‌కి "డ", విన్నర్‌కి "వి", అనవసర తప్పిదానికి "అ", ఒత్తిడి మీద చేసినదానికి "ఒ". ఆరో గడిలో పాయింటు గెలిచినవాళ్ల పేరే రాయాలి. తప్పు చేసినవాళ్ల పేరు రాస్తే మధ్యలో తారుమారవుతుంది, సగం పుస్తకాలు పాడయ్యేది అక్కడే.

"అ", "ఒ" తేడాకి ఒకటే నియమం పెట్టుకోండి: బంతి చేరేసరికి కాళ్లు నిలిచి ఉన్నాయా, బ్యాలెన్స్ ఉందా? రెండూ ఉంటే "అ". ఇద్దరు విడివిడిగా రాసి, తేడా వచ్చిన గీతలు మాత్రమే తర్వాత మాట్లాడుకోవాలి. పాయింటు అవ్వగానే పక్కవాళ్లని అడిగి రాస్తే ఇద్దరున్నా ఒక్కరు రాసినట్టే.

మన ఉక్కపోతకి జెల్ పెన్ను పనికిరాదు, చెయ్యి తగిలి అలుక్కుపోతుంది. పెన్సిలే. ప్రతి గేమ్ చివర గెలిచినవాళ్ల పాయింట్లు = 4 + డ్యూసులు సరిపోయిందో లేదో చూసుకోండి. సరిపోకపోతే ఆ గేములో ఒక గీత పోయింది, అక్కడికక్కడే పట్టుకోవచ్చు. మ్యాచ్ అయ్యాక వెతికితే దొరకదు.

భీమవరం బ్యాక్‌హ్యాండ్
ఒక మాట కలుపుతాను. మన దగ్గర పోటీలు సిమెంటు మీదో మట్టి మీదో ఆడతారు. వాన పడి తెరిపిచ్చాక మట్టి కోర్టు మీద బంతి తడి పీల్చుకుని బరువెక్కుతుంది, విన్నర్లు తగ్గిపోతాయి, ర్యాలీలు సాగుతాయి. ఆ అంకెల్ని తెచ్చి వింబుల్డన్ పట్టిక పక్కన పెట్టకండి. ఒకే కోర్టులో ఒకే రోజు ఆడినవాళ్లని పోల్చుకోండి. పుస్తకంలో పై మూల కోర్టు రకం, పొడా తడా, బంతులు ఎన్ని గేములకి మార్చారు, ఈ మూడూ రాసుకుంటే తర్వాత పనికొస్తాయి.

కోటిపల్లి రేవు
పాలకొల్లు గారూ, చిన్న పోటీల్లో చాలాచోట్ల 40–40 దగ్గర ఒకే పాయింటుతో తేల్చేస్తున్నారు, అడ్వాంటేజ్ లేదు. అప్పుడు మీ 4 + డ్యూసుల తనిఖీ?

పాలకొల్లు పెన్సిల్
అక్కడ ఇంకా తేలికండి. గెలిచినవాళ్లకి ఎప్పుడూ 4, ఓడినవాళ్లకి 3 మించకూడదు. ఎక్కడైనా 5 కనిపిస్తే గీత ఎక్కువ పడినట్టు.

గన్నవరం లెక్కలు
సూత్రంలో కూడా ఆఖరి ముక్క మారుతుంది: గ² ÷ (1 − 2గఓ) బదులు ఉత్త గ. కోటిపల్లి గారు తప్పుగా వస్తుందన్న ఆ 18 శాతమే ఇక్కడ సరైన జవాబు. 69.6కి గేమ్ 89.6 నుంచి 86.9కి దిగుతుంది, 12–0 అవకాశం 27 నుంచి 18.5కి. అడ్వాంటేజ్ తీసేస్తే బలహీనులకి కొంచెం ఊపిరి. 8 గేముల ప్రో సెట్ (ముందుగా 8 గేములు గెలవాల్సిన ఒకే సెట్టు) పెడితే 8–0 కి 32 శాతం.